మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు పంపవద్దని

మార్కాపురం,
గురువారం, ఏకాదశి.

పట్టణ నీటి వాటాల ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
పలకల కాలనీ మూడవ వీధి నివాసి, నరసింహం గారి భార్య యశోద వినయపూర్వకముగా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలోకి వచ్చు నీళ్ల ట్యాంకరును కంభం రోడ్డు మీదనే నిలుపుదల చేయించుట గురించి, మరియు మరణించిన మాలకొండమ్మ గారి ఇంటి సంపులో నీరు పోయుట మాన్పించుట గురించి.

విషయం చదవగానే ఈమె తారుమారుగా రాసినట్టుందని తమరు అనుకోవచ్చు. ఈ ఎండల్లో నీళ్లు వద్దని అర్జీ పెట్టుకునేవాళ్లు ఎవరుంటారు? దొనకొండ నుంచి కంభం దాకా ఏ వాకిట్లో చూసినా బోర్లించిన బిందెలే. కానీ నేను పొరపాటున రాయలేదు. పదో తరగతి వరకు చదువుకున్నాను. పొద్దున్నే దీపం పెట్టుకొని, సహస్రనామం చదువుకొని, మనసు నిలిపి కూర్చొని రాస్తున్నాను. శనివారం నాడు మా వీధికి తమ శాఖ వారి పెద్ద లారీ ట్యాంకరు రాబోతున్నది. అది వీధిలో అడుగు పెట్టకముందే తమరు దీనిని చివరిదాకా చదవాలని నా ప్రార్థన.

1. మా కుటుంబ పరిస్థితి: ఇంట్లో ఉండేది ఇద్దరమే. నా భర్త పలకల కార్ఖానాలో చెక్క చట్రాలు బిగించేవారు. పుట్టింది మొదలు ఇక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లే తాగినందున ఆయనకు మెడ, వెన్నెముక బిగుసుకుపోయినవి. కూర్చోలేరు, వంగలేరు, ఎడమ పక్కకు తిరిగి మాత్రమే పడుకోగలరు. మంచం మీద నుంచి దించడం, ఎక్కించడం నా ఒక్కదాని వల్ల కానందున నేల మీదే బొంత పరిచి పడుకోబెట్టాను. జాలి కోసం ఈ సంగతి రాయడం లేదు. ఆయన చెవి పగలంతా మా ఇంటి నేలకు ఆని ఉంటుందని తమరికి తెలియడానికి రాస్తున్నాను.

2. నీటి పొదుపు గురించి తమ శాఖ వారు ఇచ్చిన ఆదేశములను మేము తు.చ. తప్పక పాటించుచున్నాము. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తోముతాను. స్నానం నీళ్లు బాత్రూములో తొట్టి పెట్టి పట్టి, వాటితోనే దొడ్డి కడుగుతాను. మా ఇంటి దేవుడికి అభిషేకం పూర్వం చెంబుతో చేసేదాన్ని, ఇప్పుడు ఉద్ధరిణెతో చేస్తున్నాను. స్వామికి కూడా వాటా పెట్టాను, ఆయన ఏమీ అనలేదు. కాబట్టి నీళ్ల విలువ తెలియక రాస్తున్నానని తమరు అనుకోవద్దు.

3. తమ శాఖ నిబంధనలు: ఇవి తమరికి తెలియనివి కావు. అయినా మా వీధికి వచ్చిన ఆపద వీటి మధ్య నుంచే వచ్చింది గనుక మళ్లీ మనవి చేస్తున్నాను.

(అ) వాటా కార్డులున్న ఇళ్లు ఇరవై ఉంటేనే వీధికి సొంత ట్యాంకరు. ఒక్క కార్డు తగ్గినా ఆ వీధిని పక్క వీధిలో కలుపుతారు.
(ఆ) ట్యాంకరు ఖాళీగా తిరిగి రావలెను. నీళ్లు మిగిలితే ఆ వీధికి అవసరం తగ్గినట్టు లెక్కగట్టి వాటా కోస్తారు.
(ఇ) ప్రతి ఇంటి సంపులో పైపు పెట్టి డ్రైవరు ఫోటో తీసి పంపాలి. ఫోటో లేకపోతే ఆ ఇంట్లో మనుషులు లేనట్టే.

నీళ్లు వృథా కాకూడదని పెట్టిన నిబంధనలివి. వీటిని నేను తప్పు పట్టడం లేదు.

4. మాలకొండమ్మ గారి మరణం: ఈమె మా పక్కింటి ఆమె. మా ఇద్దరి మధ్య ఒక్క గోడే అడ్డం. మొగుడు లేడు, పిల్లలు లేరు. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ట్యాంకరు వచ్చే రోజు ప్రతి ఇంటివాళ్లు తమ పేరు రాసిన పలకను వీధి మొదట్లో వరసగా పెడతారు. పలకల వరస ప్రకారమే పైపు ఇంటింటికీ తిరుగుతుంది. ఆఖరున ఉన్న ఇళ్లకు ఒక్కోసారి నీళ్లు అందవు. అందుకని తమ పలక దగ్గరే మనిషి నిలబడి దాన్ని ముందుకు జరుపుకుంటూ ఉండాలి. ఈ పలకలన్నిటికీ చట్రాలు బిగించింది మా ఆయనే, అప్పట్లో చేతులు ఆడేవి.

మాలకొండమ్మ పోయిన రోజు ఆమె పలక ఆఖరున ఉంది. మిట్టమధ్యాహ్నం. ఆమె కొంగు నెత్తిన వేసుకొని తన ఖాళీ డ్రమ్ముకు ఆనుకొని కూర్చుంది. "యశోదా, నా పలక జరుపు తల్లీ" అని అడిగింది. జరిపాను. ఆమె వంతు వచ్చేసరికి పైపులో గాలి వచ్చింది. ట్యాంకరు డ్రైవరు జ్ఞానయ్య "అయిపోయినాయి పెద్దమ్మా" అన్నాడు. ఆమె పలకలేదు. డ్రమ్ము పక్కనే ప్రాణం పోయింది. నోట్లో తులసి తీర్థం పోయడానికి కూడా వీధిలో వాళ్ల ఇళ్లకు పరుగెత్తవలసి వచ్చింది.

5. వాటా కొనసాగించిన కారణము: ఎదురింటి గురవమ్మ మా వీధికి పెద్ద దిక్కు. ఆమె మాట ఎవరూ దాటరు. దినాలు అయ్యేదాకా మాలకొండమ్మ వాటా నీళ్లు మాలకొండమ్మ సంపులోనే పోయాలని ఆమె తీర్మానం చేసింది.

"దాహంతో పోయిన మనిషి. ఆ నీళ్లు మన బిందెల్లో కలుపుకుంటే ఆ దాహం మన కొంపకొస్తాది. ఎవురికి గావాల్నో చెప్పండి" అన్నది.

ఎవరికీ అక్కర్లేదు. మాలకొండమ్మ పలకకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వరసలో అన్నిటికన్నా ముందు పెట్టారు. జ్ఞానయ్య ఊరుకోలేక, "బతికినన్నాళ్లు ఆఖరున నిలబెట్టినారు. ఇప్పుడు ఫస్టు పెడితిరే, పెద్దమ్మా" అన్నాడు.

"నోరు మూసుకొని పైపు లాగు" అన్నది గురవమ్మ.

దినాలు అయిపోయాయి. పలక తీసేసి కార్డు రద్దు చేయిద్దామని పామూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు చెన్నయ్య వార్డు కార్యాలయానికి పోయాడు. అక్కడి వాటాల గుమాస్తా మోహన్‌కృష్ణ ఉన్నమాట చెప్పాడు. "చనిపోయినట్టు సర్టిఫికెట్టు పెడితే కార్డు తీసేస్తా. మీ వీధి పందొమ్మిదైతాది. ట్యాంకరు పోతాది. మీ ఇష్టం మరి."

సర్టిఫికెట్టు ఎవరూ పెట్టలేదు. తాళంచెవి గురవమ్మకు ఇచ్చి చెన్నయ్య పామూరు పోయాడు. అప్పటి నుంచి తమ శాఖ లెక్కలో మాలకొండమ్మ బతికే ఉన్నది. రోజు మార్చి రోజు ఆమె సంపులో నీళ్లు పోస్తున్నారు, ఫోటో తీస్తున్నారు. ఈ సంగతి తమరికి రాసినందుకు మా వీధి నన్ను క్షమించదు. తెలిసే రాస్తున్నాను.

6. ఇంతవరకు జరిగింది మనుషుల తప్పు. తరువాతది ఏమిటో చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు.

నెల మాసికానికి చెన్నయ్య మళ్లీ వచ్చాడు. స్నానానికి నీళ్లు కావాలని అక్క ఇంటి సంపు మూత తీసి బకెట్టు దించాడు. బకెట్టు ఠంగుమని నేలకు కొట్టుకుంది. మేమంతా ఆ చప్పుడు విన్నాము.

"ఏంది పెద్దమ్మా, పోస్తాండాం పోస్తాండాం అంటిరి. ఈడ చెమ్మ గూడా లేదే" అన్నాడు.

గురవమ్మ వంగి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "తాగేసింది" అన్నది.

ఎవరూ నవ్వలేదు. అదివరకు ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఆ సంపులో ఎన్నో డ్రమ్ముల నీళ్లు దిగాయి. మా కళ్ల ముందే దిగాయి.

అయ్యా, ఆ సంపు అడుగు పగిలి ఉంటుందని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. మా కాలనీ ఎక్కడ కట్టారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. పూర్వం అది పలకరాయి తవ్విన గని. తవ్వకం ఆగిపోయాక పనికిరాని పలకముక్కలతో గుంత పూడ్చి, పైన ఎర్రమట్టి పోసి, స్థలాలు చేసి ఇచ్చారు. గునపం వేస్తే మట్టి కన్నా ముందు పలకలే పైకొస్తాయి. ఈ మాట అందరికీ తెలుసు గానీ ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు. గురవమ్మ అన్న మాటే అందరికీ నిజమనిపించింది. ఎందుకంటే మాలకొండమ్మ డ్రమ్ము పక్కన కూర్చొని ఉండగా తమ వంతు నీళ్లు పట్టుకొని పోయిన వాళ్లమే అందరం.

7. ఆనాటి నుంచి ఆమె వాటాతో సరిపెట్టలేదు. ఇంటికొక బిందె చొప్పున మొక్కు కింద పోయడం మొదలైంది. పిల్లలకు తాగడానికి గుక్క తగ్గించి మరీ పోసినవాళ్లున్నారు. పోసేటప్పుడు "తాగు అక్కా" అంటారు. సంపు నిండితే ఆమె శాంతించినట్టు, నిండేదాకా మన బాకీ తీరనట్టు. నేను కూడా మొదట్లో చెంబులో తులసిదళం వేసి తీసుకుపోయాను. పోస్తూ చెవి ఒగ్గి విన్నాను. నీళ్లు అడుగున పడ్డ చప్పుడు రాలేదు. ఎక్కడికో పోతున్న చప్పుడు వచ్చింది. అంతటితో మానుకున్నాను.

8. మా ఇంట్లో కనిపించినవి, వినిపించినవి: ముందు విన్నది మా ఆయన.

"యశోదా, కింద ఎవురో బిందె నింపుతాండారే" అన్నారు ఒక మధ్యాహ్నం.

"ట్యాంకరు చప్పుడులెండి."

"ట్యాంకరు పోయి శానాసేపాయె గదా."

నేను నేల మీద పడుకొని చెవి పెట్టి విన్నాను. నిజమే. ఎక్కడో లోపల, తొందర లేకుండా, నింపుతున్నారు.

తరువాత కొన్నాళ్లకు ఆయనకు వేరే చప్పుడు వినిపించింది. కార్ఖానాలో పలకలు దొంతర పెడితే, దొంతర సరిగ్గా లేనప్పుడు మొదట ఒక పలక జారుతుందట, టక్కుమని. కాసేపటికి ఇంకొకటి. అప్పుడు దగ్గరున్నవాళ్లు పని వదిలేసి పక్కకు తప్పుకుంటారట. "అదే చప్పుడు. నాకు తెలవదా" అన్నారు. ఆయన పక్కకు తప్పుకోలేరు. అందుకని ఆ మాట అని ఊరుకున్నారు.

మా వంటింటి తలుపు మూతపడడం మానేసింది. మాకూ మాలకొండమ్మ ఇంటికీ మధ్య గోడ నెర్రె విచ్చింది, దాంట్లో నుంచి చల్లటి గాలి వస్తోంది. ఈ ఎండాకాలంలో గోడ బీటలో నుంచి చల్లగాలి ఎందుకు వస్తుందో తమరే చెప్పాలి. తులసికోట ఆమె ఇంటి వైపు ఒరిగింది.

ఇవన్నీ పాత ఇళ్లలో ఉండేవే అని మోహన్‌కృష్ణ అన్నాడు. అయితే ఇంకొకటి మనవి చేస్తాను. దేవుడి దగ్గర నేను పెట్టే దీపంలో నూనె ఒక పక్కకే చేరుతోంది. ఒత్తి రెండో పక్క మాడిపోతోంది. ప్రమిద వంకర అనుకొని కొత్తది తెచ్చాను. అదీ అంతే. అప్పుడు ప్రమిద కింద చిన్న పలకముక్క దోపాను. సరిపోయింది. వారం తిరగకుండా ఇంకొక ముక్క పెట్టవలసి వచ్చింది. ఇవ్వాళ ఏకాదశి దీపం పెట్టేటప్పుడు చూస్తే ఆ ముక్కల ఎత్తు నా బొటనవేలంత అయింది.

అయ్యా, నేను దీపం పెట్టే చోటు మా ఆయన తల పెట్టుకునే చోటుకు మూరెడు దూరం.

జ్ఞానయ్య కూడా చూశాడు. మాలకొండమ్మ ఇంటి ముందు ఆగినప్పుడల్లా ఇప్పటి ట్యాంకరును లాగే ట్రాక్టరు వెనక చక్రం దిగబడుతోంది. "నేల పచ్చిగా లేదమ్మా, గట్టిగానే ఉండాది. అయినా కిందికి పోతాండాది. పరుపు మీద నిలబెట్టినట్టుండాది" అన్నాడు. రోడ్డు మీదే ఆపుతానని పైవాళ్లను అడిగాడట. సంపులో పైపు పెట్టిన ఫోటో లేకపోతే ట్రిప్పు డబ్బులు రావన్నారట.

9. ఇదివరకు నేను చేసుకున్న ఫిర్యాదు, దాని పరిష్కారము: పై సంగతులన్నీ చెప్పుకోవడానికి వార్డు కార్యాలయానికి పోయాను. మోహన్‌కృష్ణ చెడ్డ పిల్లవాడు కాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు.

"చూడమ్మా. నీరు అందలేదు, నీరు తక్కువ, నీరు మురికి. ఈ మూడే ఉండాయి. నీళ్లు వద్దు అనేది లేదు."

"వద్దని కాదు నాయనా. వీధిలోకి రావద్దని. రోడ్డు మీద ఆపితే మేమే మోసుకుంటాం."

"అదీ లేదమ్మా. ఏదో ఒకటి నొక్కకపోతే ఇది ముందుకు పోదు. తక్కువ అని నొక్కుతా. ఆఫీసరు చూసి మీకు ఫోను చేస్తారు. అప్పుడు చెప్పుకోండి."

నొక్కాడు. ఫోను రాలేదు. మెసేజి వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మీ వీధికి అదనపు వాటా మంజూరైనది. శనివారము నుండి లారీ ట్యాంకరు పంపబడును."

ఆ మెసేజి వీధిలో అందరికీ వచ్చింది. నన్ను చూడడానికి ఇంటికొచ్చారు. గురవమ్మ నా నోట్లో చక్కెర పెట్టింది. "నోట్లో నాలుక లేనిదనుకుంటిమి. పెద్ద ట్యాంకరు సాధించినావు గదే! ఈ దెబ్బతో మాలకొండమ్మ సంపు నిండాల్సిందే" అన్నది. చక్కెర మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అయినా ఆ రోజు చెప్పాను: "వదినా, అది నిండకూడదు. నేల కింద ఏదో కదులుతాండాది. ట్యాంకరును రోడ్డు మీదే ఆపమందాం."

చక్కెర పొట్లం మడుస్తూ గురవమ్మ, "నీ మొగుడికి చెవుల్లో గుయ్‌మంటే మా నోట్లో మట్టి గొడతావా?" అన్నది.

పోనీ ఆయన్ను తీసుకొని దొనకొండలో మా అన్న దగ్గరికి పోతానంటే దానికీ ఒప్పుకోలేదు. "నువ్వు తాళం వేసినావంటే మనం తగ్గిపోతాం. ట్యాంకరు పోతాది. ఎండాకాలం దాటినాక పోదువులే" అన్నారు. చచ్చిపోయిన ఆమెను పోనివ్వని వీధి, నన్ను మాత్రం ఎందుకు పోనిస్తుంది?

10. కావున తమరిని ప్రార్థించునది:

శనివారం లారీ ట్యాంకరును కంభం రోడ్డు మీదనే ఆపించవలెను. బిందెలతో మేమే వచ్చి మోసుకుపోతాము. ముసలివాళ్ల బిందెలు నేను మోస్తాను.

మాలకొండమ్మ గారు మరణించిన సంగతి ఈ అర్జీ ద్వారా గ్రహించి, ఆమె సంపులో నీళ్లు పోయించడం మాన్పించవలెను. ఆ కారణంగా మా వీధి ట్యాంకరును తీసివేయకుండా, పందొమ్మిది ఇళ్లను ఇరవైగా భావించవలెను. ఇన్నాళ్లు అట్లాగే భావించారు గదా.

నేల సంగతి తెలిసిన వారిని పంపి మా వీధి కింద ఏమున్నదో చూపించవలెను. చూసేదాకా నా భర్తను ఏదైనా బడి వరండాలోనైనా ఉంచుకోనివ్వవలెను. ఇల్లు వదిలినందుకు వీధి వాటా కోయరాదు.

నేను ఎవరి మీదా చాడీలు చెప్పడం లేదు. గురవమ్మ దయగల మనిషి. జ్ఞానయ్య మంచివాడు. మోహన్‌కృష్ణ తన ముందున్న మూడింటిలో ఒకటి నొక్కాడు. అందరూ మంచివాళ్లే, అందరూ నీళ్లు పోస్తున్నారు. తమరు కూడా మంచివారై ఉంటారు. అందుకే భయంగా ఉంది.

కళ్లతో చిత్తగించి ఊరుకొనక, కాళ్లతో వచ్చి చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
యశోద.

తా.క. ఈ అర్జీ శుక్రవారం తమ కార్యాలయంలో ఇచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారనీ, సోమవారం రమ్మనీ అన్నారు. తిరిగి నా చేతికే ఇచ్చారు. అందువల్ల అదే కాగితం మీద ఇది రాస్తున్నాను. ఇవ్వాళ శనివారం. అక్షరాలు కుదురుగా లేనందుకు మన్నించాలి, కాగితం కింద పెట్టుకోవడానికి పలకే ఉంది, అది నా ఒళ్లో ఉంది.

నిన్న ట్యాంకరు రోజు కాదు. ఎవరూ చుక్క నీరు పోయలేదు. సాయంత్రం గురవమ్మ దీపం పెట్టడానికి మాలకొండమ్మ ఇంటికి పోయి కేకవేసింది. సంపు నిండి ఉంది. అంచు దాకా, మూత తడిసేదాకా నిండి ఉంది. వీధి అంతా వచ్చింది. టెంకాయలు కొట్టారు. "చాలన్నది! మా అక్క చాలన్నది!" అని గురవమ్మ ఏడ్చింది. ఆ నీళ్లు చెంబులతో ముంచి తలా కొంచెం తీర్థంలాగ ఇచ్చింది. నా చేతిలోనూ పోసింది. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. తడి గుడ్డతో పలక తుడిస్తే, ఆ గుడ్డ పిండినప్పుడు కారే నీళ్ల రంగు. మేము పోసిన నీళ్లే అవి. కిందున్నది ఏదో దిగి కూర్చుంటే పైకి వచ్చాయి.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన కళ్లు మూసుకొని విన్నారు.

"మరి చప్పుడు లేదే, యశోదా."

"ఆగిపోయిందా?"

"దొంతర మొత్తం జారే ముందు ఒక్క ఘడియ అట్లనే ఉంటాది. నన్ను బయటికి తీసుకపో."

పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను ఏదీ అడిగింది లేదు. నా ఒక్కదాని వల్ల కాక కబురు పెడితే, తెల్లవారగానే జ్ఞానయ్య వచ్చాడు. ఇద్దరం కలిసి ఆయన్ను మంచం మీదికి చేర్చి, మోసుకొచ్చి వీధి మొదట్లో, కంభం రోడ్డుకు ఆనుకొని అడ్డంగా పెట్టాము. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. లారీ మా వీధిలోకి రావాలంటే ఈ మంచం దాటి రావాలి. ఆ లారీకి డ్రైవరు జ్ఞానయ్య కాదు, ఎవరో కొత్త మనిషి. అతనికి చక్రం సంగతి తెలియదు.

వీధి వాళ్లు పలకలు తెచ్చి మా మంచం ముందే వరస పెట్టారు. పసుపు రాసిన మాలకొండమ్మ పలక అన్నిటికన్నా ముందు ఉంది. లేవమని కొందరు తిట్టారు, కొందరు చేతులు పట్టుకున్నారు. గురవమ్మ నా ఎదురుగా నిలబడి, "యశోదా, పిల్లోళ్ల మొకాలు చూడవే, పెద్ద ట్యాంకరు వస్తాందని నిన్నటి నుంచి ఎదురుచూస్తాండారు. లెయ్యి, నీకు దణ్ణం పెడతా" అన్నది. ఆమె నాకన్నా పెద్దది. నాకు దణ్ణం పెట్టింది.

నేను లేవలేదు. మాలకొండమ్మ పలక తీసుకొని నా కొంగుతో ఆమె పేరు తుడిచాను. "ఇంక జరపను అక్కా, నువ్వు ఈడనే ఉండు" అని ఆమెకు చెప్పాను. తరువాత మా పలక తీసుకొని మా పేరు కూడా తుడిచాను. ఇప్పుడు మా వీధి పద్దెనిమిది ఇళ్లు. తమ శాఖ నిబంధన ప్రకారము మా వీధికి ట్యాంకరు లేదు. వాటా వదులుకోవడానికి కార్డుదారు వేలిముద్ర కావాలని తమ బోర్డు మీద ఉంది. కార్డు నా పేరు మీదే ఉంది. వేలిముద్ర సిరా లేనందున వెంట తెచ్చుకున్న దీపం మసితో కింద వేలిముద్ర వేశాను. పద్దెనిమిది ఇళ్ల వాళ్ల దాహం నా తల మీద వేసుకొని వేశాను. దేవుడు నన్ను అడిగితే చెప్పుకుంటాను.

ఈ కాగితం జ్ఞానయ్య చేతికిచ్చి, తమరు ఎక్కడుంటే అక్కడికి మోటారు సైకిలు మీద పంపుతున్నాను. చదివిన వెంటనే ఆ లారీ డ్రైవరుకు ఫోను చేయించండి. ఇళ్లలో ఉన్నవాళ్లను బయటికి పిలిపించండి. నేను పిలిస్తే రావడం లేదు. గురవమ్మ మళ్లీ ఆ సంపు దగ్గరికే పోయింది, బిందె కడుగుతోంది. నాకు ఇక్కడి నుంచి కనిపిస్తోంది.

కంభం వైపు నుంచి పెద్ద హారను వినిపిస్తోంది. మా ఆయన "అదేనా?" అని అడుగుతున్నారు. కాదని చెప్పాను.

తమరు తప్పక రండి. వచ్చేటప్పుడు కారు రోడ్డు అవతలే ఆపించి, నడిచి రండి. మెల్లగా అడుగు వేయండి.